సామాను బండి ముందు పోవాలి, వెనక రాకూడదు

ధనుర్మాసం వచ్చిందంటే నెల్లూరు నుంచి గూడూరు వైపు హైవే మీద తెల్లవారకముందే గోవింద నామాలు వినపడతాయి. పసుపు బట్టలు, భుజాన తువ్వాలు, నలభై యాభై మంది వరసగా నడుస్తుంటారు. వాళ్ల వెనకే మొదటి గేరులో మూలుగుతూ ఒక ట్రాలీ ఆటో. ముందు స్వామి పటం, అరటి పిలకలు, పైన మైకు. వెనక బ్యాగుల గుట్ట మీద కాళ్లు వాచి కూర్చున్న ఇద్దరు పెద్దవాళ్లు. వెనక లైట్లలో ఒకటి వెలగదు. వెలిగే రెండోదాని మీద టార్పాలిన్ పట్టా అంచు వేలాడుతుంటుంది.

తిరుమల నడకలో సామాను బండికి అప్పగించడం తప్పా ఒప్పా అని ప్రతి ఏడూ వాదన నడుస్తుంది. అప్పగించడంలో తప్పేమీ లేదు. ఆ బండిని మనుషుల వెనక నడిపించడం మాత్రం ప్రాణాంతకమైన అలవాటు. బండి పని సామాను తర్వాతి మజిలీకి ముందుగా చేర్చి, అక్కడ ఎదురుచూడటం. నడిచేవాళ్లకు కాపలాగా వెనక పాకడం దాని పని కాదు.

కొంచెం లెక్క చూడండి. బండి గంటకు 4 కిలోమీటర్ల వేగంతో పోతుంటే, వెనక నుంచి లారీ 80తో వస్తుంది. తేడా 76. అంటే సెకనుకు 21 మీటర్లు. లారీ డ్రైవరుకు ఆ వెలగీవెలగని లైటు 100 మీటర్ల దూరంలో కనిపించిందనుకున్నా, ఢీకొనడానికి ఐదు సెకన్లు కూడా పట్టదు. అది ఆగిన బండో, కదిలే బండో తేల్చుకోవడానికే అందులో సగం పోతుంది. మంచు పట్టిన ఉదయాల్లో ఆ 100 మీటర్లు కూడా ఉండవు. పైగా బండి ఎడమ అంచున పాకుతుంటే దాని ముందు మనుషులు కూడా ఎడమవైపే, వాహనాలకు వీపు చూపిస్తూ నడుస్తారు. వెనక బండి ఉందన్న ధీమాతో వరస రోడ్డు మీదికి జరుగుతుంది. ఒక్క దెబ్బకు బండి మనుషుల మీదికే వస్తుంది. నడిచేవాళ్లు కుడి అంచున, ఎదురొచ్చే వాహనాలను చూస్తూ, ఇద్దరేసి వరసలో మెరిసే జాకెట్లు వేసుకుని నడవాలి. సర్వీసు రోడ్డు ఉన్నచోట హైవే ఎక్కనే కూడదు. బండి వెనక లేకపోతేనే ఈ క్రమశిక్షణ సాధ్యమవుతుంది.

బండికీ మంచిది కాదు. రోజుకు ఏడెనిమిది గంటలు హాఫ్ క్లచ్ మీద నడిస్తే క్లచ్ ప్లేటు కాలిపోతుంది. డ్రైవరు రాత్రి మూడింటికి లేచి, మనిషి నడక వేగంతో స్టీరింగు పట్టుకుని, మధ్యాహ్నం మళ్లీ వంట సామాను దించి, సాయంత్రం మళ్లీ ఎక్కిస్తాడు. రెండో రోజుకల్లా కూర్చున్నచోటే కునుకు తీస్తాడు. అతనికి ఆరు గంటల నిద్ర ఉండేలా చూడటం బృందం పెద్ద చేయాల్సిన మొదటి ఏర్పాటు.

బ్యాగుల మీద కూర్చునే పెద్దవాళ్ల సంగతి ఇంకా గట్టిగా చెప్పాలి. సరుకు రవాణా బండిలో ఊరికే ఎక్కించుకున్న మనిషికి ప్రమాదం జరిగితే బీమా కంపెనీ పరిహారం ఇవ్వనక్కర్లేదని సుప్రీంకోర్టు 2002లోనే తేల్చింది. ఆ భారం బండి యజమాని నెత్తిన పడుతుంది. నడవలేని మనిషిని దగ్గరి స్టాపులో ఆర్టీసీ బస్సు ఎక్కించి మజిలీకి పంపండి. వెంట ఒకరు వెళ్లండి.

ఇక మొక్కు మాట. 'మోయకపోతే మొక్కు ఎలా తీరుతుంది' అని అడిగేవాళ్లున్నారు. వాళ్ల పట్టింపును తేలిగ్గా కొట్టేయకూడదు. అయ్యప్ప మాల వేసినవాళ్లు ఇరుముడిని ఎవరికీ అప్పగించరు. ముందు ముడిలో నెయ్యి నింపిన కొబ్బరికాయ, పూజా సామగ్రి. వెనక ముడిలో సొంత తిండి. దాన్ని తలమీదే మోస్తారు. అక్కడ మోత దీక్షలో భాగం. తిరుమల నడకలో దాంతో పోల్చదగింది పసుపు గుడ్డలో కట్టిన ముడుపు ఒక్కటే. అది ఒంటిమీద ఉండాలి. దుప్పటి, మారు బట్టలు, సబ్బుపెట్టె ముడుపు కావు. మహారాష్ట్రలో ఆళంది నుంచి పండరిపురానికి దాదాపు 250 కిలోమీటర్లు నడిచే వార్కరీల (విఠలుని భక్తుల) ప్రతి దిండీకీ, అంటే ప్రతి బృందానికీ, సామాను లారీ ఉంటుంది. తులసి కోటను మాత్రం ఆడవాళ్లు తలమీద పెట్టుకుని నడుస్తారు. ఏది మోయాలో, ఏది పంపాలో వాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు.

సామాను పంపాలంటే ముందు మజిలీలు ఖాయం కావాలి. నెల్లూరు నుంచి తిరుపతి దాదాపు 135 కిలోమీటర్లు. సాయంత్రం బయల్దేరితే తొలి రాత్రి వెంకటాచలం, లేదా కాస్త పక్కకు పోయి గొలగమూడి వెంకయ్యస్వామి ఆశ్రమం. తర్వాత గూడూరు, నాయుడుపేట, శ్రీకాళహస్తి, రేణిగుంట. గూడూరు దాటాక ఒక్కో మజిలీ ముప్ఫై కిలోమీటర్లకు అటూఇటూ ఉంటుంది. నాయుడుపేటలో 16వ నంబరు హైవే వదిలి 71వ నంబరు రోడ్డు పట్టాలి. ఒంగోలు నుంచి వచ్చేవాళ్లకు దీనికి ముందు సింగరాయకొండ, కావలి మీదుగా మరో 120 కిలోమీటర్లు. ధనుర్మాసంలో ఒక సౌకర్యం ఉంది. అది శూన్యమాసం కాబట్టి పెళ్లిళ్లుండవు, కల్యాణ మండపాలు ఖాళీగా ఉంటాయి, తక్కువకే మాట్లాడుకోవచ్చు. అదే మాఘంలో నడిస్తే ముహూర్తాలు చూసుకునే మండపం అడగాలి. ఖాయం చేసుకున్న రోజే వాచ్‌మన్ ఫోన్ నంబరు, తాళం ఉన్న ఒక గది, బండి లోపలికి వెళ్లే గేటు వెడల్పు కనుక్కోండి. ఈ గేటు సంగతి ఎవరూ అడగరు. తీరా వెళ్లాక నలభై బ్యాగులు వీధిలోంచి మోసుకొస్తారు.

బరువు దగ్గరే చాలా బృందాలు తప్పుతాయి. నలభై మందికి తలా 9 కిలోల బ్యాగు అంటే 360 కిలోలు. 20 లీటర్ల నీళ్ల క్యాన్లు పది, 200 కిలోలు. 19 కిలోల గ్యాస్ సిలిండర్లు రెండు, ఇనుము బరువుతో కలిపి 70 కిలోలకు పైనే. గుండిగలు, పొయ్యిలు, బియ్యం, పప్పు, కూరగాయలకు ఎంత తగ్గించినా 150. మొత్తం 780. టాటా ఏస్ మోసేది సుమారు 750 కిలోలు, ట్రాలీ ఆటో అంతకన్నా తక్కువ. మైకు సెట్టు, బ్యాటరీలు ఇంకా ఎక్కనే లేదు. వెనక టైరు పగిలేది ఇందుకే. ముందు తగ్గించాల్సింది నీళ్లు. ప్రతి మజిలీలో క్యాన్లు దొరుకుతాయి, మోసుకుపోనక్కర్లేదు. తర్వాత బ్యాగులు: మనిషికి 7 కిలోలు దాటకూడదని చెప్పి, బయల్దేరే ముందు రోజు కాటా పెట్టి తూచండి. చెప్తే ఎవరూ వినరు, తూస్తే వింటారు.

ఎక్కించేటప్పుడు రాత్రికి కావాల్సిన బ్యాగులు లోపల, మధ్యాహ్నం దించాల్సిన పొయ్యి, గుండిగలు తలుపు దగ్గర ఉండాలి. తిరగేస్తే అన్నం వండటానికి నలభై బ్యాగులూ రోడ్డు పక్కన దించాల్సి వస్తుంది, మళ్లీ ఎక్కించేటప్పుడు ఒకటి మిగిలిపోతుంది. సిలిండర్లు నిలబెట్టి కట్టాలి, రెగ్యులేటరు తీసేయాలి.

బండి ముందు పోతుందంటే, చేతిలో ఉన్న చిన్న సంచి మీదే రోజంతా గడవాలి. అసలు తెలివి అక్కడుంది. ఆ సంచి 3 కిలోలు మించకూడదు. ఒక లీటరు నీళ్లు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు రెండు, రోజున్నరకు సరిపడా మందులు, ఆధార్ కార్డు, డబ్బు, ఫోన్, పవర్ బ్యాంకు, టార్చి, ఒక జత సాక్సు, బొబ్బలకు గుడ్డ టేపు, పల్చటి దుప్పటి. మందులు ఒక్కరోజుకు కాకుండా రోజున్నరకు ఎందుకంటే, బండి రాని రాత్రి ఒకటి తప్పకుండా వస్తుంది. ఇన్సులిన్‌ను బండికి అస్సలు అప్పగించకండి. ఎండలో నిలబడ్డ బండి లోపల వేడికి అది పాడవుతుంది, పాడైనట్టు చూస్తే తెలియదు కూడా. సూది వేసుకున్నా షుగరు దిగకపోతే, తప్పు శరీరానిదే అనుకుంటారు. తడి గుడ్డ చుట్టిన చిన్న డబ్బాలో వెంటే ఉంచుకోవాలి.

ఆ బండి రాని రాత్రి ఊహించి చెప్పింది కాదు. మన జిల్లాల్లో పెద్ద వానలు పడేది ఈశాన్య రుతుపవనాల్లోనే, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. నడకలు జోరందుకునేదీ అప్పుడే. 2021 నవంబరులో పెన్నకు వరదొచ్చి, పడుగుపాడు దగ్గర రైలు కట్ట కొట్టుకుపోయింది, హైవే తెగింది. అలాంటి రోజున మనుషులు ఒక ఒడ్డున, బండి ఇంకో ఒడ్డున ఉంటారు. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచౌంగ్ తుపాను కూడా నెల్లూరును ముంచింది. తుపాను హెచ్చరిక ఉంటే నడక ఆపడమే మంచిది. మామూలు వానకు మాత్రం పైన టార్పాలిన్ కప్పితే చాలదు, నీళ్లు కింద నుంచి కూడా వస్తాయి. బండి అడుగున వెదురు తడికో, చెక్క పలకలో వేయాలి. ప్రతి బ్యాగులో బట్టలను ముందు మందపాటి పాలిథిన్ సంచిలో పెట్టి మూతి మడిచి కట్టాలి. తడిసిన దుప్పటి మర్నాటికి రెండింతలు బరువవుతుంది, వాసనకు పక్క బ్యాగులు కూడా పాడవుతాయి.

బ్యాగులు తారుమారు కావడం చిన్న విషయంలా కనిపిస్తుంది, గొడవలు మాత్రం దాంతోనే మొదలవుతాయి. ఒకే అంగట్లో కొన్న నల్ల బ్యాగులు పదిహేను ఉంటాయి. కాగితం చీటీ తొలి వానకే ఊడిపోతుంది. తెల్ల గుడ్డ పేలిక మీద మార్కర్ పెన్నుతో వరస నంబరు, ఫోన్ నంబరు రాసి పట్టీకి కుట్టేయండి. అదే నంబరు లోపల ఒక కాగితం మీద కూడా ఉండాలి. ఎక్కించేటప్పుడూ దించేటప్పుడూ ఒక్క మనిషే, అదే పుస్తకం చూసి, నంబర్లు పైకి చదవాలి. ఇద్దరు లెక్కపెడితే ఎవరూ లెక్కపెట్టనట్టే.

శ్రీశైలం నడక తీరు వేరు. వెంకటాపురం, నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను, కైలాస ద్వారం మీదుగా పోయే నల్లమల దారిలో సామాను బండి వెంట రాదు. దోర్నాల ఘాట్ మీదుగా చుట్టూ తిరిగి శ్రీశైలం చేరాలి. దోర్నాల చెక్‌పోస్టు దగ్గర రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా వాహనాలను ఘాట్‌లోకి వదలరు. తొమ్మిదిన్నరకు చేరిన బండి తెల్లారేదాకా అక్కడే. కాబట్టి ఆ నడకలో చిన్న సంచి నియమం మారుతుంది. రెండు రోజుల సరుకు భుజాన ఉండాల్సిందే.

బండి మాట్లాడుకునే స్తోమత లేని ముగ్గురు నలుగురి సంగతేమిటి? వాళ్లే మొత్తం మోసుకుని, మూడో రోజుకు బొబ్బలు చిట్లి బస్సెక్కుతారు. స్పెయిన్‌లో క్రైస్తవులు నడిచే సాంతియాగో యాత్ర మార్గంలో ఈ పనిని ప్రభుత్వ తపాలా శాఖే చేస్తోంది. ఉదయం సత్రంలో చీటీ కట్టి వదిలిన సంచి మధ్యాహ్నానికి తర్వాతి సత్రంలో ఉంటుంది. సంచి పంపినవాళ్లకు కూడా యాత్ర పూర్తి చేసినట్టు పత్రం ఇస్తారు. కనీసం 100 కిలోమీటర్లు నడిచారా లేదా అన్నదే చూస్తారు. అయితే అక్కడి గలీసియా ప్రాంతంలో ప్రభుత్వం నడిపే సత్రాలు చాలావరకు వాహనంలో వచ్చిన సంచులను దించుకోవు. మోసుకొచ్చినవాడికే ముందు చోటన్న పట్టింపు అక్కడా ఉంది.

మన దారిలో నెల్లూరు, గూడూరు, నాయుడుపేట, శ్రీకాళహస్తి, తిరుపతి అన్నిటికీ ఆర్టీసీ బస్టాండ్లున్నాయి, సంస్థకు పార్శిల్ సర్వీసూ ఉంది. కావాల్సిన చట్రం ఉన్నట్టే. లేనిదల్లా ఉదయం సంచిని అందుకునే మనిషి. మన భక్తులు మూడింటికే లేచి నడుస్తారు, ఆ వేళకు కౌంటరు తెరవరు. సత్రంలో తాళం గది, అక్కడ సంచి తీసుకుని చీటీ ఇచ్చే కాపలాదారు, ఏడింటికి సంచులు బస్సుకు చేర్చే ఆటో ఉంటే చాలు. వైకుంఠ ఏకాదశికి ముందు పదిహేను రోజులు ఈ ఒక్క దారిలో ఆర్టీసీ, దేవస్థానం కలిసి ప్రయత్నించి చూడాలి. ఆ ఏర్పాటు వచ్చేదాకా చిన్న బృందాలకు మరో దారుంది. రోజూ అక్కర్లేని దర్శనం బట్టలు, పంచె, పట్టుచీర ఒక మూటగా కట్టి, నెల్లూరులోనే తిరుపతికి పార్శిల్ వేసేయండి. బయల్దేరే రోజే వేస్తే అక్కడ నాలుగైదు రోజులు పడి ఉంటుంది, నిల్వ రుసుము పడుతుంది. ఇంట్లోవాళ్లకు అప్పజెప్పి, మీరు నాయుడుపేట చేరిన రోజున వేయించండి. భుజాన మిగిలేది ఒక దుప్పటి, ఒక జత బట్టలు.

అలిపిరి చేరాక బండిని వదిలేయొచ్చు. 3,550 మెట్లు ఎక్కేవాళ్ల సామాను దేవస్థానమే ఉచితంగా కొండ మీదికి చేరుస్తుంది. శ్రీవారి మెట్టు దగ్గరా ఆ సౌకర్యం ఉంది. బ్యాగుకు చిన్న తాళం వేయండి. డబ్బు, నగలు, ఫోన్, మందులు అందులో పెట్టకండి. సగం మంది అలిపిరిలో, సగం మంది శ్రీవారి మెట్టులో ఎక్కాలనుకుంటే బ్యాగులు కూడా ముందే విడదీయాలి, లేకపోతే పైన రెండు చోట్లా వెతుక్కుంటారు. బృందం మొత్తానికి ఒకరే రసీదులన్నీ జేబులో పెట్టుకోవడం అలవాటు. ఆ మనిషి మోకాలు పట్టేసి గాలిగోపురం దగ్గర కూలబడితే, పైన చలిలో ముప్ఫై మంది తువ్వాళ్లు కప్పుకుని ఆయన కోసం కూర్చుంటారు. ఎవరి రసీదు వాళ్ల దగ్గరే ఉండాలి. నడవలేక బస్సులో ముందే వెళ్లే పెద్దవాళ్ల చేతికి వాళ్ల రసీదుతో పాటు దుప్పట్లున్న బ్యాగు రసీదు కూడా ఇచ్చి పంపండి.