కమిలిన ముంజేతులు, వదులైన పట్టీలు

జనవరిలో తిరుపతిలో అక్క వాళ్లింట్లో ఉన్నప్పుడు, ఎనిమిదో తరగతి చదివే అక్క కూతురు బడి నుంచి వచ్చి చేతులు కడుక్కుంటుంటే దాని ముంజేతుల లోపలి వైపున నెలవంక ఆకారంలో కమిలిన మచ్చలు కనిపించాయి. రెండు మూడు ముదురు నీలంగా ఉన్నాయి. వాటి పక్కనున్నవి ఆకుపచ్చకూ పసుపుకూ తిరుగుతున్నాయి. పాత దెబ్బ మానక ముందే అదే చోట కొత్త దెబ్బ పడుతోందన్నమాట. చెయ్యి పట్టుకుని అడిగితే, "ఏం కాలేదు చిన్నమ్మా, బ్యాండులో సింబల్స్ కొట్టేవాళ్లకి అందరికీ ఇట్లనే ఉంటాది" అంది. సింబల్స్ అంటే రెండు చేతులతో పట్టుకుని ఒకదానికొకటి తాకించి మోగించే పెద్ద ఇత్తడి చిప్పలు. ఆ గొంతులో ఉన్నది గర్వమే. పదమూడేళ్ల పిల్ల తన కష్టాన్ని చూసి గర్వపడడాన్ని నేను తప్పు పట్టను. అందరికీ ఇట్లనే ఉంటుందన్న మాటను మాత్రం ఒప్పుకోలేను, ఆ మాటను పిల్లల చేత నమ్మించే పెద్దలను అసలే ఒప్పుకోలేను.

ఇక్కడ అమెరికాలో నా కొడుకు హైస్కూలు మార్చింగ్ బ్యాండులో మూడేళ్లు సింబల్స్ వాయించాడు. తల్లిదండ్రులు వంతుల వారీగా చేసే సహాయంలో భాగంగా ఆ మూడేళ్లూ నేను మైదానం గట్టున కూర్చుని శిక్షణ చూశాను. అక్కడా మొదటి వారాల్లో పిల్లలు చేతులు కమిలించుకుని ఒకరికొకరు చూపించుకునేవారు. శిక్షకురాలు మాత్రం ఆ మచ్చలను చూసి మెచ్చుకోలేదు. మచ్చ ఎక్కడ పడిందో చూసి, పట్టులో తప్పు ఎక్కడుందో చెప్పేది.

మర్నాడు పొద్దున అక్కతో కలిసి బడి మైదానానికి వెళ్లాను. 2022లో తిరుపతి జిల్లా కేంద్రమైనప్పటి నుంచి గణతంత్ర వేడుకల్లో కనిపించాలని ఊళ్లోని బళ్ల ఉత్సాహం పెరిగింది. శేషాచలం కొండల మీద మంచు విడక ముందే పిల్లలు వరుసలు కట్టారు. నాలుగు జతల సింబల్స్ ఉన్నాయి, అన్నీ 18 అంగుళాలవే. ఒక్కో చిప్ప ఒకటిన్నర కిలో పైమాటే. పాప చేతిలోని చిప్పను తీసుకుని చూస్తే, తోలు పట్టీకీ చిప్ప నడుమ ఉండే బొడిపెకూ మధ్య నా రెండు వేళ్లు సులువుగా దూరాయి. నాకు మచ్చల సంగతి అక్కడే అర్థమైంది.

కవాతులో సింబల్‌ను పట్టే తీరు వేరు. చేతిని పట్టీలోకి దూర్చి, అరచేతిని తిప్పి, పట్టీ చేతి వెనుక భాగాన్ని గట్టిగా కరుచుకునేలా పట్టాలి. అప్పుడు చిప్పా ముంజేయీ ఒకే వస్తువులా కదులుతాయి. తోలు వాడుతున్న కొద్దీ సాగుతుంది. సాగిన పట్టీని మళ్లీ బిగించకపోతే చిప్ప చేతికి ఎడంగా ఊగి, కొట్టిన ప్రతిసారీ వెనక్కి వచ్చి ముంజేతిని కొడుతుంది. పెద్దవాళ్ల కోసం చేసిన వెడల్పు చిప్ప అంచు, పొట్టి చేతుల పిల్లకు మోచేతికి దగ్గరగా మెత్తని కండ మీద తగులుతుంది. నెలవంక ఆకారం ఆ అంచుదే.

రెండో తప్పు కొట్టడంలో ఉంది. రెండు చిప్పల అంచులూ సరిసమానంగా ఒకేసారి కలిస్తే మధ్యలో గాలి చిక్కుకుని ధబ్బుమని చప్పుడై ఊరుకుంటుంది. ఒక చిప్పను కాస్త ఏటవాలుగా పట్టి, ఒక అంచు వెంట్రుకవాసి ముందుగా తాకి, మిగతాది దాని వెనుకే పడేలా వాయిస్తేనే ఝంకారం విచ్చుకుంటుంది. ఇది ఎవరూ చెప్పని పిల్ల, నాదం రాకపోవడానికి తన బలం చాలకపోవడమే కారణమనుకుంటుంది. డ్రిల్ మాస్టారు కూడా "గట్టిగా, ఇంకా గట్టిగా" అని అరుస్తాడు. బలం పెంచిన కొద్దీ నాదం మూసుకుపోతుంది, చెయ్యి కములుతుంది. ఇక నాదాన్ని ఆపడానికి చిప్పలను ఒంటికి ఆనించుకోవలసి వచ్చినప్పుడు, మెల్లగా పక్కలకు చేర్చుకోవలసింది పోయి, రొమ్ము ఎముకకేసి కొట్టుకుంటున్న పిల్లలను ఆ ఉదయం ఇద్దరిని చూశాను.

చిప్పను ఏటవాలుగా తాకించే ఈ కిటుకు మన ఊరికి కొత్తదేమీ కాదు. మా చిన్నప్పుడు తిరుపతి కొర్లగుంటలో ధనుర్మాసం భజనలకు తాళాలు పట్టుకుని వెళ్లినప్పుడు, నేను రెండు చిప్పలనూ బోర్లించి బాదుతుంటే ముసలాయన ఒకాయన నా మణికట్టు పట్టుకుని కాస్త వంచి, "అంచుకు అంచు తగిలితే చాలు పాపా, అదే మోగతాది" అన్నాడు. తిరుమలలో బ్రహ్మోత్సవాల వేళ వాహనాల ముందు మాడవీధుల్లో గంటల తరబడి భజన చేసే మండళ్లను ఎన్నో ఏళ్లు చూశాను, అందులో చేతులు కమిలినవాళ్లు నాకు కనిపించలేదు. ఆ తాళాలు చిన్నవి, నిజమే. అయినా అక్కడ పెద్దలు పక్కన నిలబడి నేర్పుతారు, వారాల తరబడి సాధన చేయిస్తారు. బడి బ్యాండుకు గణతంత్ర వేడుకల ముందు పది రోజులే దొరుకుతాయి.

పెద్ద సింబల్స్ మనకు సైనిక బ్యాండ్ల దారిలో వచ్చాయి. 18వ శతాబ్దంలో యూరప్ సైన్యాలు తురుష్కుల సైనిక మేళాల నుంచి వాటిని తీసుకున్నాయి, బ్రిటిష్ పటాలాలతో అవి ఇక్కడికి చేరాయి. వాటిని మోసినవాళ్లు రోజూ కవాతు చేసే వయోజనులు. మనం ఆ వాయిద్యాన్ని బడిపిల్లల చేతికి ఇచ్చి, దానితో పాటు రావలసిన శిక్షణను వదిలేశాం. మనం అని కావాలనే అంటున్నాను. ఆ బడి బ్యాండు సెట్టును కొనిచ్చింది విదేశాల్లో ఉన్న పూర్వ విద్యార్థులు, అందులో నా చందా కూడా ఉంది. ఇత్తడి మెరుపును ఫోటోలో చూసి సంతోషించాం గానీ, దాన్ని ఎవరు నేర్పుతారని మాలో ఒక్కరమూ అడగలేదు.

ఈ సంగతి విని, చేతికి తొడుగులు వేస్తే చాలదా అని మన ప్రవాస సంఘం సభ్యులొకరు అడిగారు. బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ పట్టీ ఒరిసి లేచే బొబ్బలను తొడుగులు ఆపుతాయి, అవి ఉండవలసిందే. వదులైన పట్టీని మాత్రం అవి బిగించలేవు. వేళ్లు తిమ్మిరెక్కినా మణికట్టు వాచినా పిల్లను వరుసలోంచి తప్పించి వైద్యునికి చూపించాలి, ఇందులో రెండో మాట లేదు.

మన సంఘం ఈ ఏడాది చిత్తూరు, తిరుపతి జిల్లాల బళ్లకు వాయిద్యాలు పంపాలనుకుంటోంది. చిన్న తరగతులకు 14 అంగుళాల చిప్పలు కొందాం. ప్రతి జతకూ ఒక జత అదనపు తోలు పట్టీలు, తొడుగులు, చెవి బిరడాలు చేరుద్దాం. బ్యాండు అనుభవమున్న మాస్టారును నెల రోజులు పెట్టుకోవడానికయ్యే జీతాన్ని విరాళంలోనే కలుపుదాం. అందుకోసం వాయిద్యాల సంఖ్యను సగానికి తగ్గించవలసి వచ్చినా తగ్గిద్దాం.

ఆ సాయంత్రం నేనూ పాపా వరండాలో కూర్చుని దాని పట్టీని విప్పి, చిప్ప లోపలి వైపున నాలుగు తోలు పాయలను ఒకదాని మీద ఒకటి మడిచి, చివరిదాన్ని మొదటిదాని కింద దూర్చి, తట్ట అల్లినట్లు బిగించి లాగాం. వారం తిరిగేసరికి చేతి మీద పసుపు మచ్చలే మిగిలాయి, కొత్త నీలం రాలేదు. మిగిలిన మూడు జతలకు పట్టీలు కొని ఉంచాను. వచ్చే నెల ఊరికి వెళ్తున్న మిత్రుల పెట్టెలో వాటిని పంపుతున్నాను. ముడి వేయడం వరుసలోని మిగతా ముగ్గురికీ నేర్పుతానని పాప ఫోనులో మాటిచ్చింది.