ట్యాబులు సరే, ఆదివారం పొద్దున ఒక గంట ఎవరిస్తరు?

ఊరి బడికి ఏమన్నా చేద్దాం అనంగనే అమెరికాల ఉన్న మనోళ్ళ మీటింగుల్లో ముందు వచ్చే మాట ట్యాబులు, లేకుంటే స్మార్ట్ టీవీ. మనసు మంచిదే, కాదనను. కానీ దేవరకొండ, అచ్చంపేట దిక్కు లెక్కల్లో వెనకబడ్డ పిల్లలకు ఇంకో స్క్రీన్ కంటే, వాళ్ళు ఎక్కడ ఆగిపోయిన్రో పట్టుకునే మనిషి అవసరం ఎక్కువుంది.

ఫ్రీగ దొరికేటివి ఇప్పటికే మస్తున్నయి. కేంద్ర ప్రభుత్వం పాఠాల యాప్ దీక్ష 2017 నుంచి ఉంది, పుస్తకంలోని క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే పాఠం వస్తది, డౌన్‌లోడ్ చేసి పెట్టుకుంటే నాన్న రాత్రి పని నుంచి ఫోన్ తెచ్చినంక నెట్ లేకున్నా చూడొచ్చు. తెలంగాణ ప్రభుత్వం నడిపే టీ-శాట్ టీవీ ఛానళ్ళల్ల తెలుగులోనే పాఠాలు వస్తయి. బొమ్మలు గీసి కదిలించి చూసే లెక్కల యాప్ జియోజెబ్రాలో త్రిభుజం మూల పట్టి ఎటు గుంజినా మూడు కోణాలు కలిపితే 180 డిగ్రీలే ఉంటది, అది పిల్లలు తమ చేత్తో చేసి చూస్తే బోర్డు మీద పదిసార్లు రాసినదానికంటే బాగ ఎక్కుతది.

మరి ఇన్ని ఉండంగ ఇబ్బంది ఎక్కడ? తొమ్మిదో తరగతి పిల్లగాన్ని 1/2కు 1/3 కలపమంటే పైవి పైవి, కిందివి కిందివి కలిపి 2/5 అని రాస్తడు. సగానికి ఇంకింత కలిపితే సగం కంటే తక్కువ ఎట్లొచ్చింది బిడ్డా అని అడిగితే అప్పుడు ఆగి ఆలోచిస్తడు. ఆ ప్రశ్న వీడియో అడగదు, ఎందుకంటే వాడు ఏం రాసిండో దానికి తెల్వదు. వాడికి వచ్చే ఏడు వర్గ సమీకరణాల వీడియోలు ఎన్ని చూపెట్టినా, ఐదో తరగతి భిన్నాల దగ్గర పడ్డ ముడి అట్లనే ఉంటది.

ఇంకో ముచ్చట, మన దగ్గర భూమి లెక్క. రెండెకరాల పది గుంటలను 2.10 అని రాస్తరు, ఎకరానికి 40 గుంటలు కాబట్టి అది నిజానికి రెండుంపావు ఎకరాలు. 2.10కి 1.35 కలిపితే బడి లెక్కల 3.45, భూమి లెక్కల మాత్రం 4.05, అంటే నాలుగెకరాల ఐదు గుంటలు. ఇంట్ల ఒక తీరు, బడిల ఒక తీరు కనపడే ఈ చుక్క గురించి ఎక్కడో తయారైన ఏ పాఠం చెప్తది? ఊరు తెలిసినోళ్ళే చెప్పాలె, మనకు తెలుసు కద.

ఫ్రీగ వీడియో పాఠాలిచ్చే ఖాన్ అకాడమీ వెబ్‌సైటు కూడ మనిషి చెప్పుడుతోనే మొదలైంది. 2004ల బోస్టన్‌లో ఉన్న, దాన్ని పెట్టిన సాల్ ఖాన్, న్యూ ఓర్లీన్స్‌లో ఉన్న తన కజిన్ పాపకు దూరం నుంచే లెక్కలు చెప్పిండు, వీడియోలు తర్వాత వచ్చినయి. మనం వీడియోలు పట్టుకున్నం కానీ ఆ ముందటి పని వదిలేసినం.

నేను అనేది ఏందంటే, ఈసారి ఫండ్ల కొంత డేటా రీచార్జికి, కొంత మన జిల్లా లెక్కల సార్లు, టీచరమ్మలతో చిన్న చిన్న పాఠాలు రికార్డు చేయించి వాళ్ళకు తగిన డబ్బులిచ్చుటకు పెడదాం. ఆ పైన మనలో లెక్కలొచ్చినోళ్ళు ఒక్కొక్కరు నలుగురు పిల్లలను తీసుకోవాలె. అమెరికాల గడియారం గంట ముందుకు జరిపే ఎండాకాలం టైంల డల్లాస్‌లో శనివారం రాత్రి 9 అంటే మన ఊర్ల ఆదివారం పొద్దున 7:30, ఇద్దరికీ కుదిరే గంట. హెడ్‌మాస్టర్, తల్లిదండ్రులు ఒప్పుకోవాలె, కాల్ నడిచేటప్పుడు బడి టీచర్ ఒకరు గదిల ఉండాలె. మొదటి నెల పాఠం చెప్పొద్దు, వాళ్ళతో లెక్కలు చేయించి ఎక్కడ ఆగుతున్నరో రాసుకోండ్రి, దాన్ని బట్టి ఏ వీడియో చూపెట్టాల్నో తెలుస్తది. వచ్చేటోళ్ళు పేర్లు ఇయ్యండ్రి, బళ్ళతోని మాట్లాడే పని నేను చూసుకుంట.