తిరగేయడం మర్చిపోయిన అరగంట

మొన్న ఆదివారం మా అపార్ట్‌మెంటు మూడో అంతస్తులో ఒకాయన తలనిండా షాంపూ నురగతో, కళ్ళు గట్టిగా మూసుకుని, కుళాయి తిప్పుతూ పావుగంట నిలబడిపోయాడు. దానికి కారణం వానలు లేకపోవడం కాదు, భిన్నాల కూడిక. ఇంత పెద్ద విషయం మీద ఏ ప్రభుత్వమూ విచారణ కమిటీ వెయ్యదు కాబట్టి ఆ బరువేదో నేనే మోస్తున్నాను.

పైనున్న ట్యాంకు నింపడానికి బోరు మోటారుకి 3 గంటలు, సంపు మోటారుకి 6 గంటలు పడుతుంది. రెండూ కలిపి వేస్తే? మా ఏడో తరగతి పిల్ల ముందు 9 గంటలంది. ఇద్దరు కలిసి చేస్తే పని ఆలస్యమవుతుందనే అనుభవం దానికి మా ఇంట్లోనే వచ్చి ఉంటుంది, తప్పు పట్టను. సెక్రటరీగారు మాత్రం చదువుకున్నవారు. కాగితం తీసి 1/3 + 1/6 వేశారు, క.సా.గు. 6 అన్నారు, 2/6 + 1/6 అంటే 3/6, అంటే 1/2. "అరగంటయ్యా, అరగంట చాలు!" అని వాచ్‌మన్‌కి కేకేశారు. "మరీ అరగంటా సార్?" అని అతను గొణిగాడు గానీ, లెక్క ముందు అనుభవం ఎంత! ఆ 1/2 గంటలు కాదు, గంటకి నిండే వంతు. దాన్ని తిరగేస్తే, అదే వ్యుత్క్రమం చేస్తే, 2 గంటలు. తిరగెయ్యలేదు కాబట్టి ట్యాంకు పావు వంతే నిండింది, షాంపూ మాత్రం పూర్తిగా పట్టించారు.

అసలు ఆ కూడికలో జరిగే అన్యాయం ఎవరికైనా పట్టిందా? 1/3 పాపం వేషం మార్చుకుని 2/6 అయి వస్తుంది, 1/6 మాత్రం కుర్చీలోంచి లేవదు. చిన్న హారమే ఎప్పుడూ సర్దుకోవాలి, కొత్త కోడలిలాగా. పోనీ పైవి పైవి, కిందవి కిందవి కలిపి 2/9 అని రాస్తే పిల్లకి సున్నా. అలా రాస్తే కూడాక 1/3 కన్నా తగ్గిపోతుందట. మరి అదే టీచరు ఒక పరీక్షలో 15/20, ఇంకో పరీక్షలో 10/30 వస్తే ప్రోగ్రెస్ కార్డులో 25/50 అని నిబ్బరంగా రాస్తారే! అవి మార్కులట, భిన్నాలు కాదట. మా పిల్ల ఆ రోజు నుంచి ఇద్దరినీ నమ్మడం మానేసింది, లెక్కల్నీ నన్నూ.

మా నానమ్మ బడి మొహం చూడలేదు. పావలా, బేడా కలిస్తే ఆరణాలని టక్కున చెప్పేది. రూపాయికి 16 అణాలు, పావలాకి 4, బేడాకి 2 కాబట్టి సగం, పావు, పరక అన్నీ ఆ పదహారులోనే ఇమిడిపోయేవి. ఉమ్మడి హారం కొంగుకి ముడేసుకుని తిరిగేదన్నమాట. 1957లో ప్రభుత్వం దాన్ని ఊడబీకి 100 నయాపైసలు పెట్టింది. ఏ తేదీన అనుకున్నారు? ఏప్రిల్ 1.

తిరగేసే గొడవ కూడా ఇప్పటిది కాదు. 1150లో గణితవేత్త భాస్కరాచార్యుడు లీలావతి అనే తన లెక్కల పుస్తకంలో ఇదే ట్యాంకు పెట్టాడు, మోటార్లు లేవు కాబట్టి నాలుగు నీటి ఊటలతో. ఒక్కొక్కటీ విడిగా అయితే ఒక రోజు, అర రోజు, రోజులో మూడో వంతు, ఆరో వంతు. ముందే తిరగేసి 1, 2, 3, 6 కలిపితే 12, మళ్ళీ తిరగేస్తే రోజులో పన్నెండో వంతు. అంటే 2 గంటలు! ఇన్ని వందల ఏళ్ళయినా ట్యాంకు నిండే టైము మారలేదు, మారింది సెక్రటరీలే.

ఇదంతా కాగితం మీద వేసి మా సెక్రటరీగారికి చూపించాను. కళ్ళజోడు సవరించుకుని చాలాసేపు చూశారు. సాయంత్రానికి లిఫ్టు పక్కన నోటీసు: "ఇకమీదట రెండు మోటార్లూ కలిపి అరగంట చొప్పున నాలుగుసార్లు వేయబడును."