కాన్పు నాటి బీపీ గురించి మీ డాక్టరుకు తెలుసా?

"కాన్పు అయిపోతే అదే తగ్గిపోతుందిలే." గర్భిణికి బీపీ పెరిగిందని తెలిస్తే ఇండియా నుంచి ఫోన్లో అమ్మ చెప్పేదీ, ఇక్కడ అమెరికాలో పక్కింటి అక్క చెప్పేదీ ఇదే మాట. చాలామందిలో నిజంగానే తగ్గుతుంది. కొన్ని వారాల్లో మాత్రలు ఆపేస్తారు, ఆసుపత్రి కాగితాలు ఏదో ఫోల్డర్‌లో పడతాయి, ఇల్లంతా బిడ్డ చుట్టూ తిరుగుతుంది. ఆ తర్వాత ఎవరూ దాని ఊసెత్తకపోవడం మీదే నా అభ్యంతరం.

అమెరికాలో ఇదేమీ అరుదైన సమస్య కాదు. ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ లెక్కల ప్రకారం కాన్పు కోసం ఆసుపత్రిలో చేరినవాళ్లలో ఏదో ఒక రకం బీపీ సమస్య ఉన్నవాళ్లు 2017లో 13.3 శాతం, 2019 నాటికి 15.9 శాతం. గర్భం రాకముందే బీపీ ఉన్నవాళ్లు, గర్భంతో ఉన్నప్పుడు మాత్రమే పెరిగినవాళ్లు, ప్రీఎక్లాంప్సియా వచ్చినవాళ్లు అందరూ ఈ లెక్కలోకే వస్తారు. ఎక్కువ భయపడాల్సింది ఆ చివరిదానికి. సాధారణంగా ఇరవయ్యో వారం దాటాక బీపీ 140/90కి చేరడం, దానితోపాటు మూత్రంలో ప్రోటీన్ పోవడమో, లివర్ గానీ కిడ్నీలు గానీ దెబ్బతినడమో, ప్లేట్‌లెట్లు పడిపోవడమో దాని లక్షణాలు. అది ముదిరి ఫిట్స్ వస్తే ఎక్లాంప్సియా అంటారు; మన పెద్దవాళ్లు గుర్రపువాతం అనేవారు.

2007లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక విశ్లేషణ వచ్చింది. అంతకుముందు జరిగిన అధ్యయనాలన్నీ కలిపి ముప్పై లక్షల మందికి పైగా స్త్రీల వివరాలు చూశారు. ప్రీఎక్లాంప్సియా వచ్చినవాళ్లకు తర్వాతి ఏళ్లలో శాశ్వతంగా బీపీ వచ్చే అవకాశం మిగతావాళ్లకన్నా మూడున్నర రెట్లు దాటింది. గుండె రక్తనాళాల జబ్బు రెండింతలు, పక్షవాతం దాదాపు రెండింతలు. ముప్పై ఏళ్ల మనిషికి గుండెజబ్బు అవకాశం మామూలుగానే చాలా తక్కువ కాబట్టి, రెండింతలన్నా ఆ వయసులో చిన్న సంఖ్యే. కానీ యాభై దాటాక ఆ రెండింతలకు బరువుంటుంది. గర్భం రక్తనాళాలను పాడుచేసి వదులుతుందా, లేక ముందే ఉన్న బలహీనతను ట్రెడ్‌మిల్ టెస్టులా బయటపెడుతుందా అన్నది డాక్టర్లు ఇంకా తేల్చుకోలేదు. ఏది నిజమైనా జాగ్రత్తపడాల్సిన మనిషి మారదు.

2018లో అమెరికా గుండె వైద్యుల సంఘాలు కొలెస్ట్రాల్ మీద ఇచ్చిన మార్గదర్శకాల్లో, గుండెజబ్బు ముప్పు పెంచే అంశాల జాబితా ఒకటుంది. అందులో ప్రీఎక్లాంప్సియా ఉంది. దక్షిణాసియా మూలాలు ఉండటమూ అదే జాబితాలో ఉంది. అంటే ఈ సమస్య వచ్చిన మన ఆడవాళ్లకు రెండు గళ్లలోనూ టిక్ పడుతుంది. అయినా యాభై ఏళ్లావిడ ఛాతీలో ఏదో పట్టేసినట్టుందంటే గ్యాస్ అంటాం, టెన్షన్ అంటాం. మగాడికైతే ముందు ఈసీజీ తీయిస్తాం.

నిందల సంగతి కూడా చెప్పాలి. "ఉప్పు తగ్గించమంటే విన్నావా, ఆవకాయ మానలేదు, ఆఫీసు టెన్షన్లు నెత్తినేసుకున్నావు" అని గర్భిణిని సాధించే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. ప్రీఎక్లాంప్సియా మూలం మాయలో, అంటే ప్లాసెంటాలో ఉంది. గర్భసంచి నుంచి మాయకు రక్తం తెచ్చే నాళాలు మొదటి నెలల్లో వెడల్పు కావాల్సినంత కాకపోతే, మాయ నుంచి వెలువడే కొన్ని పదార్థాలు తల్లి రక్తనాళాలన్నిటినీ దెబ్బతీస్తాయి. ఉప్పు మానేసినంత మాత్రాన అది ఆగదు. ఒలింపిక్ పరుగుల రాణి ఆలిసన్ ఫీలిక్స్‌కు 2018లో ఇదే వచ్చి 32వ వారంలో ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. రియో ఒలింపిక్స్‌లో ఆమెతో కలిసి రిలే బంగారు పతకం గెలిచిన టోరీ బోవీ 2023లో నిండు గర్భంతో చనిపోయింది. ఎక్లాంప్సియా కారణం కావచ్చని పోస్ట్‌మార్టం నివేదికలో రాశారు. ఒంటి మీద వాళ్లకన్నా ఎక్కువ శ్రద్ధ పెట్టిన ఆడవాళ్లు ఎంతమంది ఉంటారు?

ఇక మన ఇళ్లలో అన్నిటికన్నా ప్రమాదకరమైన వారం బిడ్డ పుట్టాక మొదటి వారం. మామూలు కాన్పయితే ఇక్కడ రెండో రోజుకల్లా ఇంటికి పంపేస్తారు. బీపీ బాగా పెరిగేదేమో మూడో రోజు నుంచి ఆరో రోజు మధ్య. సరిగ్గా అప్పుడే ఇల్లు చుట్టాలతో, వీడియో కాల్స్‌తో నిండి ఉంటుంది. బాలింత తలనొప్పి అంటే "నిద్ర లేదుగా", "చెవుల్లో దూది పెట్టుకోమంటే పెట్టుకోలేదు, చలిగాలి తగిలింది" అని తేల్చేస్తారు. తగ్గని తలనొప్పి, కళ్ల ముందు మెరుపులు, కుడివైపు పక్కటెముకల కింద నొప్పి, ఆయాసం, ముఖం ఒక్కసారిగా ఉబ్బడం – వీటిలో ఏది కనిపించినా, కాన్పు అయి ఆరు వారాల లోపైతే, ఆసుపత్రికి ఫోన్ చేయాల్సిందే. బీపీ 160/110కి చేరితే ఆగకుండా ఎమర్జెన్సీకి వెళ్లాలి. బీపీ సమస్యతో కాన్పయినవాళ్లకు వారం పది రోజుల్లోపు, తీవ్రంగా ఉన్నవాళ్లకు 72 గంటల్లోపు బీపీ చూడాలని అమెరికా ప్రసూతి వైద్యుల సంఘం చెబుతోంది. పురిటి స్నానం కాలేదనో, బయట చలిగా ఉందనో ఆ అపాయింట్‌మెంట్ వాయిదా వేయకండి. పాలిస్తున్న తల్లికి మందులెందుకని మాత్రలు ఆపించే అత్తగారికి కూడా ఒక మాట: నిఫెడిపిన్, లాబెటలాల్ వంటివి పాలిచ్చే తల్లులకు మామూలుగా ఇచ్చేవే. ఆపాలా వద్దా అన్నది డాక్టరు చెప్పాలి.

ఆరు వారాల చెకప్ తర్వాత ప్రసూతి డాక్టరు పని అయిపోతుంది. ఫ్యామిలీ డాక్టరుకు ఈ కథ తెలిసే దారి ఉండదు, చాలాసార్లు ఆయన అడగడు కూడా. మనవాళ్ల విషయంలో ఇది మరీ ఎక్కువ. ప్రాజెక్టు మారితే రాష్ట్రం మారుతుంది, ఉద్యోగం మారితే ఇన్సూరెన్స్ మారుతుంది, కాగితాలు పాత ఊళ్లోనే ఉండిపోతాయి. కాబట్టి డిశ్చార్జి సమ్మరీని ఇమిగ్రేషన్ కాగితాలంత భద్రంగా దాచుకోండి. ఏటా బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ చూపించుకునేటప్పుడు కాన్పు సంగతి మీరే ముందు ఎత్తండి. మరో బిడ్డ అనుకుంటుంటే ఇంకా ముందే చెప్పాలి. ఒకసారి ప్రీఎక్లాంప్సియా వచ్చినవాళ్లకు తర్వాతి గర్భంలో పన్నెండో వారం దాటాక తక్కువ మోతాదు ఆస్పిరిన్ మొదలుపెట్టడం ఇప్పుడు ఇక్కడ మామూలు పద్ధతి. పదహారో వారం లోపు మొదలైతే మేలు.

కూతురి కాన్పుకని ఆరు నెలల వీసా మీద వచ్చిన అమ్మను కూడా మర్చిపోవద్దు. కారప్పొళ్లు మోసుకొచ్చి, వచ్చిన రోజు నుంచి వంటింట్లోనే ఉంటుంది ఆవిడ. ముప్పై ఏళ్ల కింద తన కాన్పులో కాళ్లు, ముఖం ఉబ్బాయనీ, నెలలు నిండకముందే ఆపరేషన్ చేశారనీ ఎప్పుడో మాటల్లో చెప్పే ఉంటుంది. ఇప్పుడు ఆవిడ వయసు అరవై. కూతురి కోసం కొన్న బీపీ మెషిన్ పట్టీ ఆవిడ చేతికీ చుట్టండి, అయిదు నిమిషాలు కదలకుండా కూర్చోబెట్టి చూడండి.

మన సంఘాల హెల్త్ క్యాంపులకూ ఒక విన్నపం. రిజిస్ట్రేషన్ ఫారంలో సిగరెట్ గురించి ఉంటుంది, నాన్నగారి గుండెపోటు గురించి ఉంటుంది. ఆడవాళ్ల కోసం ఇంకో గడి చేర్చండి: గర్భంతో ఉన్నప్పుడు బీపీ, షుగర్ వచ్చాయా, నెలలు నిండకుండా కాన్పయిందా అని. దీన్ని నలుగురి మధ్య బల్ల దగ్గర అడగొద్దు. పోయిన బిడ్డ సంగతి అత్తగారి ముందు చెప్పలేనివాళ్లుంటారు. ఓ మూల కర్టెన్ కట్టి, అడిగే పని వాలంటీర్లలో ఒక ఆడమనిషికి అప్పగిస్తే చాలు.