‘వచ్చింది’కీ ‘వచ్చారు’కీ మధ్య

జూన్ 12న బడులు తెరిచాక మొదటి వారం పుస్తకాలు, బ్యాగులు, యూనిఫాం పంచడంతోనే సరిపోతుంది. తరగతి గోడకు ఓ చార్టు కూడా ఎక్కుతుంది. పెద్దలను గౌరవించాలి, మెల్లగా మాట్లాడాలి, ‘ప్లీజ్’, ‘సారీ’, ‘థాంక్యూ’ అనాలి అని అందులో ఉంటుంది. ఆ చార్టు మీద నాకు కోపం లేదు. అయితే తెలుగువాడి మర్యాద క్రియాపదం చివర ఉంటుంది. ‘ఇవ్వు’, ‘ఇస్తావా’, ‘ఇవ్వండి’, ‘కాస్త ఇటివ్వమ్మా’ అన్న నాలుగింటికీ నాలుగు బరువులు. ‘వెళ్తాను’ అనబోయి ‘వెళ్లొస్తాను’ అని సర్దుకునే పిల్లకు మర్యాద నేర్పింది వాళ్ల అమ్మమ్మ, చార్టు కాదు.

కిందటేడు శ్రీకాకుళం జిల్లాలో, వంశధారకు దగ్గర్లోని ఓ ఉన్నత పాఠశాలకు వెళ్లాను. వరండాలో ఆరో తరగతి పిల్లవాడు స్నేహితుడితో అంటున్నాడు: “హెచ్‌ఎం సారు వచ్చారు. ఆయా కూడా వచ్చింది.” హెచ్‌ఎంకు నలభై దాటలేదు. నీళ్ల బకెట్‌తో వస్తున్న ఆయాకు అరవై ఉంటాయి. పెద్దలను గౌరవించాలన్న సూత్రం ప్రకారం ‘వచ్చారు’ ఎవరికి చెందాలి? పిల్లవాడిలో ఏ దురుద్దేశమూ లేదు. ‘అమ్మ వచ్చింది’ అనడంలో చనువుంటుంది, అది వేరు. ఆయాతో వాడికి ఆ చనువు లేదు, ఆవిడ పేరు కూడా తెలియదు. స్టాఫ్ రూములో ఆవిడను ఎలా పిలుస్తారో విన్నాడు, అదే అన్నాడు. గౌరవం వయసుకూ మనిషికీ కాక కుర్చీకి దక్కుతుందని ఆరో తరగతికే వాడికి అర్థమైపోయింది. ఎవరూ బోధించకుండానే బడి నేర్పిన పాఠమది.

“పిల్లలను ‘మీరు’ అనమంటారా? క్రమశిక్షణ ఉంటుందా?” అని ఉపాధ్యాయులు అడుగుతారు. అక్కర్లేదు. పెద్దవాళ్ల నోట ‘నువ్వు’ ఆప్యాయంగానే వినిపిస్తుంది. నా అభ్యంతరం వివక్ష మీద. ఉద్యోగి కొడుకును ‘బాబూ’ అనీ, కూలి కొడుకును ‘ఒరే’ అనీ పిలిస్తే, మిగతా నలభై మందీ ఆ తేడాను ఆ రోజే పట్టేస్తారు. మధ్యాహ్నం ఆటస్థలంలో వాళ్లూ అలాగే పిలుచుకుంటారు.

మా ప్రాంతంలో దీనికి ఇంకో కోణం ఉంది. పిల్లవాడు లేచి ‘నేను’ అనకుండా ఇంటి యాసలో ‘నాను’ అంటే తరగతి గొల్లుమంటుంది. కొన్నిచోట్ల ఆ నవ్వును మొదలుపెట్టేది ఉపాధ్యాయుడే. ఆ పిల్లవాడు మరో నెలరోజులు నోరు తెరవడు. ఇచ్ఛాపురం, కవిటి వైపు ఇంట్లో ఒడియా మాట్లాడే పిల్లలున్నారు. మందస, మెళియాపుట్టి కొండ ఊళ్లలో సవర గిరిజన పిల్లలున్నారు. పుస్తకంలోని తెలుగు వాళ్లకు నేర్పాల్సిందే, గట్టిగా నేర్పాల్సిందే. కానీ ఇంటి మాటను అవమానించి నేర్పిన భాష గొంతు దాటదు. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ దెబ్బలతో పాటు మానసిక వేధింపునూ నిషేధించింది. నలుగురిలో యాసను వెక్కిరించడం నా దృష్టిలో ఆ వేధింపే.

ఈ నేల మీద ఒక ఉపాధ్యాయుడు దీనికి ఏనాడో దారి చూపించాడు. 1863లో ముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉంటూ సవర భాష నేర్చుకున్నారు. ఆ భాషలో వాచకాలు రాశారు, సవర పిల్లలకు బడులు పెట్టారు. పిల్లలు తన భాషలోకి రావాలని కూర్చోలేదు, తానే వాళ్ల భాషలోకి వెళ్లారు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవమని దండలు వేస్తాం. జూన్‌లో ఆయన చేసిన పని చేస్తే ఆగస్టులో దండ వేయడానికి అర్హత ఉంటుంది.

తల్లిదండ్రుల సమావేశాల గురించీ ఒక మాట. మా ఊళ్లలో చాలా ఇళ్ల నుంచి అమ్మానాన్నలు హైదరాబాదుకో చెన్నైకో పనికి వెళ్లిపోయారు. బడికొచ్చేది నాయనమ్మ. వాట్సాప్ గ్రూపులో పెట్టిన కబురు ఆమెకు చేరదు. వచ్చినా గుమ్మం దగ్గరే నిలబడుతుంది. “మీవాడికి చదువు మీద ధ్యాస లేదు” అని వినిపించుకుని వెళ్లిపోతుంది.

నేను వెళ్లిన బడిలో ఓ టీచరమ్మ అలా నిలబడ్డ ముసలామెకు కుర్చీ జరిపి, “మనవడు ఇంట్లో ఏం చేస్తాడమ్మా, చెప్పండి” అని అడిగింది. నాయనమ్మ మొదట చీరకొంగు నలుపుతూ ఊరుకుంది. తర్వాత పావుగంట మాట్లాడింది. కొడుకు గురించి, చేను గురించి, మేక గురించి. టీచరమ్మ మధ్యలో గడియారం చూడలేదు. చివరికి నాయనమ్మ, లేవబోతూ, అదేమంత విషయం కాదన్నట్టు చెప్పింది: “పుస్తకం ముక్కుకి ఆనించుకుని చదువుతాడమ్మా.”

మర్నాడు ఆ పిల్లవాడు ముందు బెంచీలో కూర్చున్నాడు.