‘క్లైమేట్ బాగుంది’ అనే ఊళ్లో వాతావరణ పాఠం

సాయంత్రం ఆర్కే బీచ్‌లో చల్లగాలి తగిలితే విశాఖ కుర్రాళ్లు ‘ఇవాళ క్లైమేట్ బాగుంది’ అంటారు. వాడుకలో అది తప్పేం కాదు. డిగ్రీ మొదటి ఏడాది క్లాసులోకి కూడా ఆ అర్థంతోనే వచ్చి కూర్చుంటారు, చిక్కంతా అక్కడే. శీతోష్ణస్థితి అంటే దాదాపు 30 ఏళ్ల సగటు అని మాస్టారు చెబుతారు, వీళ్లు రాసుకుంటారు, మార్కులూ వస్తాయి. బయటికి రాగానే మళ్లీ క్లైమేట్ బాగుంటుంది.

తెలుగు మాటలూ తక్కువేం కాదు. పొగమంచు, గడ్డి మీది మంచు బిందువులు, హిమాలయాల్లో కురిసేది, ఫ్రిజ్‌లో పేరుకునేది, అన్నీ మంచే. ‘ఆంధ్రా కశ్మీర్’ కదా అని లంబసింగికి బైకులేసుకుని వెళ్లి, స్నో ఏదని వెతికేవాళ్లూ ఉంటారు.

నన్నడిగితే మొదటి పాఠం ఆ లంబసింగితోనే మొదలుపెట్టాలి. దాని ఎత్తు సుమారు 1,000 మీటర్లు. కిలోమీటరు పైకి వెళ్తే సగటున 6.5 డిగ్రీలు తగ్గుతుందని ఏ పుస్తకమైనా చెబుతుంది. జనవరి తెల్లవారుజామున విశాఖలో 18 ఉంటే అక్కడ 11, 12 ఉండాలి. కొన్ని రోజులు 5 కంటే దిగువకు పోతుంది. మిగతా చలి ఎక్కడిది? జవాబు చెప్పకుండా ఓ పది నిమిషాలు పిల్లల్ని వాదించుకోనివ్వాలి. మబ్బు లేని రాత్రి నేల వేడిని ఆకాశంలోకి వదిలేస్తుంది. నేలనానుకున్న గాలి చల్లబడి, బరువెక్కి, వాలు దిగి పల్లంలో చేరుతుంది. విశాఖను పక్కనున్న సముద్రం అంత చల్లబడనివ్వదు. ఇలా కింద చల్లగాలి, దాని పైన వెచ్చటి గాలి ఉండే స్థితే ‘ఇన్వర్షన్’. ఇంతదాకా వచ్చాక ఆ మాట చెబితే అది గుర్తుంటుంది.

ఇది నా ముచ్చట మాత్రమే కాదు. సైన్స్, ఇంజనీరింగ్, గణిత పాఠాలపై 225 అధ్యయనాలను కలిపి 2014లో అమెరికా పరిశోధకులు చూశారు. పిల్లలు తామే ఆలోచించి, చర్చించుకునే క్లాసులతో పోలిస్తే, ఉపన్యాసం వినడంతో సరిపెట్టిన క్లాసుల్లో పిల్లలు ఫెయిలయ్యే అవకాశం 1.5 రెట్లని తేలింది.

అదే ఏడాది అక్టోబరు 12న హుద్‌హుద్ ఈ ఊరినే తాకింది. తుఫాను కేంద్రంలో పీడనం దాదాపు 950 మిల్లీబార్లు, మామూలుగా ఉండేది 1,010 దరిదాపుల్లో. మిల్లీబారు తగ్గితే సముద్రం సుమారు సెంటీమీటరు లేస్తుంది. ఆ లెక్కన 60 సెంటీమీటర్లు. ఉప్పెనలో మిగతాది ప్రధానంగా గాలి పని. చేతిలో ఇలాంటి ఉదాహరణ ఉండగా ఎక్కడో అమెరికా టోర్నడోతో మొదలుపెట్టడం నాకైతే మింగుడుపడదు.

లెక్కలు తీసేయమని కాదు, వాటిని కాస్త ఆలస్యంగా తెమ్మని. ప్రశ్నపత్రం మారకపోతే మాత్రం ఇదంతా కాలక్షేపంగానే మిగులుతుంది. ‘ఇన్వర్షన్‌ను నిర్వచించుము’ బదులు ఇలా అడగొచ్చు: కొండల మధ్యనున్న విశాఖలో శీతాకాలం ఉదయం ఫ్యాక్టరీ పొగ అడ్డంగా పాకుతుంది, మధ్యాహ్నానికి పైకి లేస్తుంది. ఎందుకు?