ఖాళీ ట్యాంకుతోనే గండం

రేవులో కట్టేసిన చమురు ఓడ తగలబడితే తప్పంతా ఓడదేనని చేతులు దులిపేసుకోవడం రేవు యాజమాన్యాలకు అలవాటు. 1979 జనవరి 8న, అర్ధరాత్రి దాటాక, ఐర్లాండ్‌లోని బాంట్రీ అఖాతంలో 'బెటెల్‌గ్యూస్' అనే చమురు ఓడ పేలి 50 మంది చనిపోయారు. విచారణ ట్రిబ్యునల్ తుప్పుపట్టిన ఓడను నడిపినవారిని తప్పుపట్టి ఊరుకోలేదు. కంట్రోల్ గదిలో ఉండాల్సిన మనిషి లేడనీ, అక్కరకు రావలసిన టగ్గు, అంటే ఓడలను లాగే చిన్న నౌక, దగ్గర్లో లేదనీ చమురు దించే టెర్మినల్‌నూ నిలదీసింది. ఓడను కట్టే జెట్టీ ఒడ్డుకు ఎడంగా సముద్రంలో ఉంది. దానిమీద చిక్కినవాళ్లకు పారిపోయే దారి లేదు.

శ్రీకాకుళం జిల్లా సంతబొమ్మాళి మండలం మూలపేటలో రేవు కడుతున్నాం కనుక ఈ పాత సంగతి మనకు కావాలి. అక్కడ ఏ సరుకు దిగినా, వచ్చే ప్రతి ఓడలోనూ ఇంధనం ఉంటుంది.

చమురు నిండుగా ఉన్న ట్యాంకు కన్నా దించేసిన ట్యాంకు ప్రమాదం. ఖాళీ పెట్రోలు డ్రమ్ముకు వెల్డింగ్ పెట్టమంటే అనుభవమున్న మేస్త్రీ చెయ్యి వెయ్యడు, లోపల ఆవిరి ఉంటుందని తెలుసు. 1976 డిసెంబరు 17న లాస్ ఏంజెలెస్ రేవులో 'సాన్సినెనా' చమురు దించేసి, బరువు కోసం నీళ్లు ఎక్కించుకుంటోంది. నీళ్లు ఎక్కేకొద్దీ ట్యాంకుల్లోని ఆవిరి బయటికొచ్చి, గాలి ఆడక డెక్కు మీదే నిలిచిపోయింది. ఓడ పేలింది, 9 మంది పోయారు. ఆ తర్వాత ట్యాంకర్లలో ఆక్సిజన్‌ను 8 శాతం దాటనివ్వని జడ వాయువు (మంటకు తోడ్పడని వాయువు) ఏర్పాటుపై అంతర్జాతీయ నిబంధన గట్టిపడింది. ఆ నిబంధన పనిచేస్తోందో లేదో చూడాల్సింది మాత్రం రేవులోని మనిషే.

దూరం దేనికి, 2023 నవంబరు 19 రాత్రి విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో పక్కపక్కనే కట్టిన బోట్లు పదుల సంఖ్యలో కాలిపోయాయి. మన జిల్లా మత్స్యకారుల బతుకుతెరువు ఆ హార్బర్‌తోనూ ముడిపడి ఉంది. ఆ రాత్రి డీజిలూ గ్యాస్ సిలిండర్లూ చేసిన పని చూశాక కూడా టెక్కలి నుంచి ఫైరింజన్ వస్తుందిలే అనుకుంటే ఎలా? రోడ్డు మీది బండి నీటి మీది మంటను అందుకోలేదు. నూనె మంటకు నీళ్లు చాలవు, నురగ కావాలి.

అందుకే మా కోరిక ఒక్కటే. మొదటి ఓడ రాకముందే నురగ చల్లే టగ్గు మూలపేటలో లంగరేసి ఉండాలి, జెట్టీ నుంచి తప్పించుకునే రెండో దారి కట్టి ఉండాలి. సైరన్ మోగితే ఏ ఇల్లు ఎటు కదలాలో తెలుగులో రాసిన ప్రణాళికను అధికారులు గ్రామసభలో చదివి వినిపించి, జాలర్లు అడిగేవాటికి అక్కడే జవాబు చెప్పాలి.